నల్లగొండ షోరూంల, సూపర్‌మార్కెట్ల ఓనర్లకు: కొసరు వెయ్యండి గని మా వెంట ఇంటిదాక రాకండి

అన్నలకు, అక్కలకు, సేట్లందరికీ నమస్తే.

నాది క్లాక్ టవర్ దగ్గర చిన్న సెల్ రిపేర్ దుకాణం. పద్నాలుగేండ్ల సంది ఇదే పని, డిస్‌ప్లేలు మార్చుడు, చార్జింగ్ పిన్నులు, బ్యాటరీలు, పౌచులు, టెంపర్డ్ గ్లాసులు. మీలో చాలామంది ఫోన్లు నా టేబుల్ మీదికి వచ్చినయే. నేను బయటి మనిషిని కాదు, మీ లెక్కనే పొద్దుగాల షటర్ లేపి రాత్రికి దించేటోన్ని, గిరాకి లేని రోజు ఎట్లుంటదో నాకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం మీ మీద కోపంతోని రాస్తలేను, మనసు కష్టమై రాస్తున్న, జెర ఓపికతోని సాంతం చదవండి.

సంగతి ఏందంటే ఈ మధ్య మన దగ్గర కూడా షాపుల ముందట క్యూఆర్ కోడ్ బోర్డులు పెట్టి, యాప్ వేసుకోండి, షాపుకు వచ్చి చెక్‌ఇన్ కొట్టండి, అంటే వచ్చినట్టు యాప్‌ల నమోదు చెయ్యండి, కొనకున్నా పాయింట్లు వస్తయి అని చెప్పుడు మొదలైంది. మంచిదే అనుకున్న మొదట్ల. గిరాకి రావాలంటే ఏదో ఒకటి చెయ్యాలె గదా, ఆన్‌లైన్ల ఇంటికే సామాను వచ్చే రోజులల్ల మనిషి షాపు గడప తొక్కుడే గొప్ప అయిపోయింది. కాని ఆ యాప్ పడ్డ ఫోన్లు తర్వాత నా దగ్గరికి వస్తున్నయి, మీ దగ్గరికి కాదు. మీకు స్క్రీన్ మీద ఇయ్యాల ఇంతమంది వచ్చిన్రు అని నంబర్ కనబడ్తది, నాకు ఆ నంబర్ వెనకాల ఉన్న మనుషులు కనబడ్తున్నరు.

పోయిన నెల ఒక చెల్లె వచ్చింది, తిప్పర్తి దిక్కు ఊరు. ఫోన్ నా చేతుల పెట్టి, అన్నా దీన్ల ఒక షాపు యాప్ ఉన్నది, అది తీసెయ్యి, మళ్ల ఎన్నడు రాకుండ తీసెయ్యి అన్నది. కండ్లు ఎర్రగున్నయి. ఏమైందమ్మా అంటే చెప్పలే. నేను ఫోన్ చూస్కుంట ఉంటే మెల్లగ తనే చెప్పింది. ఇంట్ల దవాఖానకు పోతున్న అని చెప్పి నల్లగొండ వచ్చిందట, బస్సు ఎట్లాగు ఆడోళ్లకు ఫ్రీనే, రక్త పరీక్షకు ఇచ్చి, రిపోర్టు వచ్చేదాక ల్యాబ్ ముందట బెంచీ మీద రెండు గంటలు కూసోని ఇంటికి పోయింది. ఆ రాత్రి ఫోన్ అత్త చేతుల ఉన్నది, మనుమనికి బొమ్మల వీడియో చూపిస్తున్నది, అప్పుడే పైనుంచి మెసేజ్ దిగింది. మా షోరూంకు వచ్చినందుకు ధన్యవాదాలు, మీ ఖాతాలో 20 పాయింట్లు జమ అయ్యాయి అని. ఇగ ఇంట్ల లొల్లి లొల్లి. దవాఖాన పేరు చెప్పి చీరెల షాపుకు పోయినవా, పైసలు యాడియి, ఎవలతోని పోయినవ్ అని. ఆ పిల్ల ల్యాబ్ కాయితం తీసి చూపించినా కూడా, ఫోన్ అబద్ధం చెప్తదా అన్నరట.

ఫోన్ అబద్ధమే చెప్పింది. ఆ ల్యాబ్‌కు, ఆ షోరూంకు నడిమిట్ల ఒక్కటే గోడ. నేను సెట్టింగ్స్ తీసి చూస్తే ఆ యాప్‌కు లొకేషన్ ఎల్లప్పుడూ అనుమతించు మీద ఉన్నది, ఆటోమేటిక్ చెక్‌ఇన్ ఆన్ చేసి ఉన్నది, ఆ పిల్లకు రెండింట్ల ఒక్కటి కూడా తెల్వదు. పండుగకు షాపుకు పోయిన్నాడు డోర్ కాడ నిలబడ్డ అమ్మాయి ఫోన్ తీస్కొని అన్నిటికీ ఓకే ఓకే కొట్టిందట. జీపీఎస్ అనేది ఆకాశంల ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్, ఆరుబయట అయితే కొన్ని మీటర్ల తేడాతోని చెప్తది, అదే స్లాబు కిందికి, గోడల నడుమకు, ఇరుకు గల్లీలకు పోయిందనుకోండి దాని లెక్క పక్కకు జరుగుతది. మన ప్రకాశం బజార్ సంగతి మీకు తెలియంది కాదు, షాపును ఆనుకోని షాపు, కింద చెప్పుల దుకాణం, పైన డాక్టర్, పక్కన ల్యాబ్. అసొంటి కాడ ఈ మనిషి మా షాపులకే వచ్చిండని జీపీఎస్‌ను నమ్మి ఎట్ల రాస్తరు చెప్పండి. రాసి మళ్ల ఆ సంగతి ఆ ఇంటికి మెసేజ్ ఎట్ల పంపుతరు.

ఈ పని మన దగ్గర కొత్త గని లోకానికి కొత్త కాదు. అమెరికాల 2009ల ఫోర్‌స్క్వేర్ అని వచ్చింది, హోటల్‌కో బార్‌కో పోయి చెక్‌ఇన్ కొడితే బ్యాడ్జీలు ఇచ్చేటోళ్లు, ఒక జాగకు అందరికంటే ఎక్కువసార్లు పోయినోన్ని ఆ జాగకు మేయర్ అనేటోళ్లు. 2010ల షాప్‌కిక్ అని ఇంకోటి వచ్చింది, ఇది అచ్చంగ షాపుల కోసమే, బెస్ట్ బై, మేసీస్, టార్గెట్ అసొంటి పెద్ద పెద్ద స్టోర్లు దాంతోని కలిసినయి, గడప లోపటికి అడుగుపెడితే చాలు కిక్స్ అని పాయింట్లు. వాళ్లకు కూడా ఇదే తిప్పలు వచ్చింది, మనిషి లోపటికి వచ్చిండా లేకుంటే బయట పార్కింగ్‌లనే ఉన్నడా జీపీఎస్‌కు తెల్వదు. అందుకని స్టోర్ల ఒక చిన్న డబ్బా పెట్టిన్రు, అది మనిషి చెవికి వినబడని శబ్దం చేస్తది, ఫోన్ మైకు ఆ శబ్దాన్ని పట్టుకుంటది, అది పట్టుకుందంటే మనిషి లోపల ఉన్నట్టే. తెలివైన పనే, కాదనను. తర్వాత 2013ల ఆపిల్ కంపెనీ ఐబీకన్ అని తెచ్చింది, అది బ్లూటూత్ మీద నడుస్తది, గోడకు చిన్న బిళ్ల అతికిస్తే దగ్గరికి వచ్చిన ఫోన్‌కు తెలుస్తది.

కాని చూడండి, శబ్దం వినాలంటే మైకు పర్మిషన్ కావాలె. మైకు ఒకసారి ఇచ్చినంక ఏం వింటున్నదో మామూలు మనిషికి ఎట్ల తెలుస్తది. 2016 మార్చిల అమెరికాల వినియోగదారులను కాపాడే సర్కారు సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 12 మంది యాప్ డెవలపర్లకు హెచ్చరిక లేఖలు పంపింది, ఎందుకంటే వాళ్ల యాప్‌లల్ల టీవీల నుంచి వచ్చే వినబడని శబ్దాలను మైకు ద్వారా పట్టుకునే కోడ్ ఉన్నది, ఇంట్ల ఏ ప్రోగ్రాం చూస్తున్నరో తెలుసుకునేటందుకు. అంత పెద్ద దేశంల, చదువుకున్నోళ్ల ఫోన్లల్లనే ఇట్లయితే, సంతకం పెట్టుడుకు వేలిముద్ర వేసే మన ముసలోళ్ల సంగతేంది?

ఇప్పుడు మా నాయిన ముచ్చట ఒకటి చెప్తా. మాది కనగల్ దగ్గర పల్లె, మా నాయినది కిరాణం కొట్టు. ఖాతా బుక్కు ఉండేది, ఎర్ర బట్ట అట్ట, నడిమిట్ల దారం కట్టి పెన్సిల్. ఊర్ల ఎవలింట్ల ఎన్ని బియ్యం కొన్నరు, ఎవలు బీడీలు బాకీ పెట్టిన్రు, ఎవలింట్ల చుట్టాలొస్తే చక్కెర ఎక్కువ పోయింది, ఎవలింట్ల పదిరోజుల సంది నూనె కొంటలేరు, అంతా దాన్ల ఉండేది. ఇప్పుడు మీరు డేటా అంటున్నరు గదా, అదే. ఒకసారి పక్కూరి నుంచి పెండ్లి సంబంధం వాళ్లు వచ్చిన్రు. పిల్ల ఇంటోళ్లు ఎట్లాంటోళ్లు, మీ దగ్గర బాకీ ఎంతున్నది జెర చూసి చెప్పు అని నాయినను అడిగిన్రు. నాకు పదేండ్లుంటయి అప్పుడు, బెల్లం డబ్బా పక్కన కూసున్న. నాయిన ఏమన్లే, బుక్కు మూసిండు, గల్లపెట్టెల పెట్టిండు, తాళం వేసిండు, వేసి, చాయ తాగి పోండ్రి అన్నడు. అంతే. ఆ ఇంటోళ్లు అప్పటికి మాకు మూడు నెలల బాకీ, ఆ సంగతి నాయినకు తెలుసు, నాకు తెలుసు.

మీ తాతలు, నాయినలు కూడా ఇట్లనే దుకాణం నడిపి ఉంటరు. గిరాకీదారు ఇంటి గుట్టు దుకాణపోని కడుపుల ఉండాలె. మరి ఇప్పుడు మీ యాప్‌ల పడ్డ గుట్టు ఎవరి గల్లపెట్టెల ఉన్నది? మీరు ఆ యాప్ తయారు చేయలే, ఏదో కంపెనోడు వచ్చి నెలకు ఇంత అని అమ్మిపోయిండు. ఆ సర్వర్ యాడ ఉన్నదో మీకు తెల్వదు. ఎల్లప్పుడూ అనుమతించు అని ఉన్నదంటే మీ షాపుకు వచ్చింది ఒక్కటే కాదు, ఆ మనిషి రాత్రి యాడ పండుకున్నడు, ఏ దవాఖానకు పోయిండు, ఏ వైన్స్ ముందట ఆగిండు, ఏ కోర్టుకు పోయిండు, అన్నీ కంపెనోడు కావాలంటే చూసుకోవచ్చు. చీర కొనేటందుకు ఇవన్నీ ఎందుకు కావాలె?

డోర్ కాడ నిలబడే పిల్లల గురించి కూడా చెప్పాలె. అట్ల ఒక అమ్మాయి నా దగ్గరికి గ్లాస్ వేయించుకోనికి వచ్చింది, డిగ్రీ చదువుకుంటనే పని చేస్తున్నది. నేను ఊకోక అడిగిన, ఎందుకమ్మా అందరి ఫోన్లు తీస్కొని అన్నిటికి ఓకే కొడ్తవు, వాళ్లను చదువుకోనియ్యొచ్చు గదా అని. అన్నా, రోజుకు ముప్పై ఇన్‌స్టాల్స్ కావాలె, తక్కువైతే రాత్రి మీటింగ్‌ల అందరి ముందట నిలబెడ్తరు, చదువుకోమంటే ఒక్కొక్కరికి పావుగంట పడ్తది అన్నది. ఆ పిల్ల తప్పేమున్నది ఇండ్ల. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాక నిలబడుడే ఉద్యోగం, పైనుంచి ఈ టార్గెట్. తప్పు టార్గెట్ పెట్టినోళ్లది. ఆ మాట మొఖం మీద చెప్తున్నందుకు ఏమనుకోవద్దు.

ఇగ పాయింట్ల లెక్క. ఒక యాప్‌ల నేనే కూసోని షరతులు మొత్తం చదివిన, అన్నీ ఇంగ్లీషులనే ఉన్నయి. ఒక చెక్‌ఇన్‌కు 20 పాయింట్లు, రోజుకు ఒక్కటే. 500 పాయింట్లు అయితే 50 రూపాయల కూపన్. ఆ కూపన్ 2000 దాటిన బిల్లుకే. పాయింట్లు 90 రోజులకు పోతయి. అంటే మూడు నెలల్ల ఇరవై ఐదు సార్లు ఊరి నుంచి టౌన్‌కు వస్తే 50 రూపాయలు, అది కూడా 2000 పెట్టి కొంటేనే. కూలి పనికి పోయే మనిషి ఇరవై ఐదు సార్లు వస్తడా? రాడని కంపెనోనికి తెలుసు, పాయింట్లు చచ్చిపోతయని తెలుసు, కాని ఆ మనిషి నంబరు, లొకేషన్ మాత్రం చావవు, అవి ఉంటయి. కూరగాయల మార్కెట్ల అవ్వ కిలో వంకాయలు తూచి పైనుంచి ఇంకో రెండు కాయలు ఏస్తది, ఇంద బిడ్డా కొసరు అని. ఏసినంక నా ఇల్లు యాడ అని అడుగదు, నా వెంట రాదు. కొసరు అంటే అది. మీరు ఇచ్చేది దాన్ని పోలినట్టు ఉన్నది గని అది కాదు, ఇది కొసరు చూపెట్టి అసలు గుంజుకునుడు.

మీకు నష్టం ఏం లేదనుకుంటున్నరేమో, అది కూడా చెప్తా. కాలేజీ పోరగాండ్లు నా దగ్గరికి వచ్చి అన్నా ఫేక్ జీపీఎస్ పెట్టియ్యి అని అడుగుతున్నరు. డెవలపర్ ఆప్షన్లల్ల మాక్ లొకేషన్ అని ఒకటి ఉంటది, దాంతోని పానగల్‌ల మంచం మీద పండుకోని క్లాక్ టవర్ కాడ ఉన్నట్టు చూపియ్యొచ్చు. నేను పెట్టియ్యలే, కాని యూట్యూబ్ చూసి వాళ్లే పెట్టుకుంటరు. నెల కాంగనే కంపెనోడు మీకు చూపించే గ్రాఫ్‌ల వాళ్లు కూడా గిరాకే. ల్యాబ్ ముందట బెంచీ మీద కూసున్న ఆ చెల్లె కూడా గిరాకే. ఆ నంబర్‌కు మీరు పైసలు కడుతున్నరు.

ఇంకో భయం ఏందంటే మోసగాండ్లు. బ్యాంకు రివార్డ్ పాయింట్లు ఇయ్యాల్నే పోతున్నయి, ఈ ఫైల్ వేసుకోండి అని వాట్సాప్‌ల ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్ల యాప్ ఎక్కించే ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్న సంగతి మీరూ విన్నదే, అసొంటి మెసేజ్‌లు నమ్మొద్దని స్టేట్ బ్యాంకు కూడా చెప్పింది. మీరు ఊరోళ్లకు స్కాన్ చెయ్యి, ఇన్‌స్టాల్ చెయ్యి, అన్నిటికి ఓకే కొట్టు, పాయింట్లు వస్తయి అని చెయ్యి పట్టి అలవాటు చేస్తున్నరు. రేపు దొంగోడు మీ షాపు పేరు, మీ బొమ్మ పెట్టి అదే మాట చెప్తే వాళ్లు ఎట్ల గుర్తుపడ్తరు? పైసలు పోయినోళ్లకు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ కొట్టండి అని నా దుకాణంల చీటీ అతికించిన, కాని అది పోయినంక చేసే పని.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇయ్యాల్సిందే అని గిరాకీని ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేల్నే షాపులకు చెప్పింది. అదే ఏడాది ఆగస్టుల డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయి, ముఖ్యమైన సెక్షన్లు అమలుకు 18 నెలల గడువు ఇచ్చిన్రు. ఆ చట్టంల ఏమున్నదంటే మనిషి ఒప్పుకోలు అడిగేటప్పుడు ఇంగ్లీషుల గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ల ఉన్న భాషలల్ల గాని చదువుకునే వీలు ఉండాలె, దాన్ల మన తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. ఒప్పుకునుడు ఎంత అల్కగనో వెనక్కి తీసుకునుడు కూడా అంతే అల్కగ ఉండాలె. 18 ఏండ్ల లోపు పిల్లలను ట్రాక్ చేయొద్దు. మన ఊర్లల్ల ఒక్క ఫోన్‌ను ఇంటిల్లిపాది వాడుకుంటరు, తల్లి ఫోన్ పట్టుకోని పిల్లగాడు గ్రౌండ్‌కు పోతడు, మీ యాప్‌కు ఆ తేడా తెలుస్తదా? గడువు ఉన్నది గదా అప్పుడు చూద్దాం అనకండి. గడువు చట్టానికి, మర్యాదకు కాదు.

నేను యాప్ బంద్ చెయ్యమంటలేను. షాపుకు వచ్చిన మనిషికి ఏదన్న ఇయ్యాలని మీకు ఉన్నది చూడండి, అది మంచి బుద్ధి. కాకపోతే లొకేషన్ తీసెయ్యండి. చెక్‌ఇన్‌కు కౌంటర్ మీద ఒక క్యూఆర్ కోడ్ చాలు, రోజూ మార్చే కోడ్ పెడితే ఇంట్ల కూసోని కొట్టేటోళ్ల బెడద కూడా సగం తగ్గుతది, గోడ అవతల ల్యాబ్‌ల కూసున్నోళ్లు లెక్కలకు రారు. తప్పదు అంటే యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి సంది, అంటే 2019 సంది ఫోన్లల్ల ఆప్షన్ ఉన్నది, దాని కంటే ఎక్కువ అడగొద్దని మీ కంపెనోనికి చెప్పండి, పైసలు కట్టేది మీరే గదా. మైకు, కాంటాక్ట్స్ అసలే వద్దు. ఎన్ని పాయింట్లకు ఎన్ని రూపాయలు, ఎన్నడు పోతయి, ఏం ఏం తీసుకుంటున్నరు, అది తెలుగుల, ఉర్దూల పెద్ద అక్షరాలతోని బోర్డు రాసి డోర్ కాడ పెట్టండి. వద్దన్నోళ్ల వివరాలు తీసేస్తం అని ఒక నంబర్ ఇవ్వండి, ఆ నంబర్‌కు ఫోన్ కొడితే మనిషి ఎత్తాలె. ఆ అమ్మాయిల ఇన్‌స్టాల్ టార్గెట్ తీసేయండి, ఇది మాత్రం రేపే చేయొచ్చు, దీనికి ఏ కంపెనోన్ని అడిగే పని లేదు.

బటన్ ఫోన్ పట్టుకోని వచ్చే ముసలమ్మ ఉన్నది గదా, ఆమెకు కూడా ఏదన్న ఇయ్యండి. మొన్న నా కండ్ల ముందట ఒకామె బిల్లు కాడ నిలబడి, అందరికి తక్కువ చేస్తున్నరు నాకెందుకు చేయరు బిడ్డా అని అడిగితే, యాప్ లేదు గదమ్మా అన్నరు. ఆమె కొంగుముడి విప్పి మొత్తం పైసలు లెక్కపెట్టి ఇచ్చింది, నోట్లు తడిసి ఉన్నయి. ఒక అట్ట కార్డు మీద ముద్ర కొట్టిస్తే సరిపోతది, పది ముద్రలకు ఒక కండువనో, సబ్బుల ప్యాకెట్టో.

ఆ తిప్పర్తి చెల్లె ఫోన్‌ల యాప్ తీసేసిన గని, అకౌంట్ తీసెయ్యాలంటే కంపెనీకి ఇంగ్లీషుల ఈమెయిల్ రాయాలె అని వచ్చింది. నేనే రాసి పంపిన. ఇరవై రెండు రోజులైంది, జవాబు లేదు. ఆ షోరూం ఓనర్ ఎవరో మీ అందరికి తెలుసు, నాకూ తెలుసు, ఇండ్ల పేరు రాస్తలేను, మా నాయిన బుక్కు గుర్తుకొచ్చి. ఆయన ఇది చదివితే ఒక్క ఫోన్ కొట్టి ఆమె వివరాలు తీసేయించాలె, వీలైతే ఆ రోజు ఆమె మా షాపులకు రాలేదు, మా యాప్ తప్పు చెప్పింది అని ఆ ఇంటికి ఒక మాట చెప్పాలె. నేను తోలుకపోతా, నా బండి మీదనే.

బోర్డులు తెలుగుల రాసుడు, కౌంటర్ క్యూఆర్ పెట్టుడు, ఉన్న ఫోన్లల్ల లొకేషన్ బంద్ చేసుడు, ఎవలకు సాయం కావాలన్నా నేను చేస్త, పైసలు వద్దు. పొద్దున పదింటి నుంచి దుకాణంల్నే ఉంట, ఆదివారం మధ్యాహ్నం దాక.

ఇట్లు,
క్లాక్ టవర్ కాడి సెల్ రిపేర్ దుకాణపోడు,
నల్లగొండ